ఎలుక లాలాజల గ్రంథి డక్టుల్లో కెరాటిన్ స్టెయినింగ్: గ్రంథి తీయడం దగ్గర్నుంచి ఫొటో చదవడం దాకా

మౌస్ (చిన్న ఎలుక) సబ్‌మాండిబ్యులార్, అంటే దవడ కింది లాలాజల గ్రంథి సెక్షన్ (పలచటి కోత) మీద కె5 (కెరాటిన్ 5) యాంటీబాడీ వేస్తే రెండు చోట్ల వెలుగుతుంది. పెద్ద డక్టుల (లాలాజలం పారే గొట్టాల) అడుగున ఒక వరస కణాలు, ఎసినస్‌ల (లాలాజలం తయారుచేసే కణాల గుత్తుల) చుట్టూ చేతులు చాపినట్టుండే సన్నటి కణాలు. రంగు ఒకటే, ప్రోటీన్ ఒకటే, కానీ కణాలు మాత్రం పూర్తిగా వేరు. మొదటివి బేసల్ డక్ట్ సెల్స్, రెండోవి గ్రంథిని పిండి లాలాజలాన్ని బయటికి తోసే మయోఎపిథీలియల్ సెల్స్. కె5 వెలిగింది కాబట్టి ఇది ప్రొజెనిటర్ (కొత్త కణాలని పుట్టించే కణం) అని రాసేసిన పోస్టర్లు చాలానే కనిపిస్తుంటాయి, దానివల్ల తర్వాత వచ్చే లెక్కలన్నీ తప్పుదారి పడతాయి. ఒక్క కెరాటిన్ చూసి కణానికి పేరు పెట్టొద్దు అనేదే ఈ గైడ్ మొత్తంలో నేను గట్టిగా చెప్పదల్చుకున్నది, మిగతా స్టెప్పులన్నీ దానికోసమే.

ఇది ఎంఎస్సీ, పీహెచ్‌డీ వాళ్లకీ, ఓరల్ పాథాలజీలో ఎండీఎస్ చేస్తూ జంతు ప్రయోగం వైపు వచ్చినవాళ్లకీ. మన దగ్గర నోటి క్యాన్సర్ కేసులు ఎక్కువ, తల మెడ భాగానికి రేడియేషన్ తీసుకున్నాక నోరు ఎండిపోయి అన్నం ముద్ద మింగలేక అవస్థపడే పేషెంట్లని డెంటల్ కాలేజీ ఓపీలో మీరు చూసే ఉంటారు. రేడియేషన్ తర్వాత ఎసినస్‌లు పోయినా డక్టులు చాలావరకు మిగిలుంటాయి, ఆ మిగిలిన డక్టుల్లోంచి గ్రంథిని మళ్లీ నిలబెట్టగలమా అనే ప్రశ్నకి జవాబు వెతికేది ముఖ్యంగా ఎలుక గ్రంథిలోనే. అందుకే డక్టులో ఏ కణం ఏదో సరిగ్గా గుర్తుపట్టడం అంత ముఖ్యం.

ముందు తెలియాల్సినవి కొన్ని

కణం లోపల మూడు రకాల ఫిలమెంట్లు ఉంటాయి. యాక్టిన్ సుమారు 7 నానోమీటర్లు, మైక్రోట్యూబ్యూల్ 25, మధ్యలో 10 నానోమీటర్ల ఇంటర్మీడియట్ ఫిలమెంట్. ఎపిథీలియల్ కణాల్లో ఈ మధ్య రకం అంటే కెరాటిన్. కెరాటిన్ ఒంటరిగా ఫిలమెంట్ కట్టదు, టైప్ 1 ఒకటి, టైప్ 2 ఒకటి జత కావాల్సిందే. కె8 కి జత కె18, కె5 కి జత కె14. కె7, కె8 టైప్ 2, కె18, కె19 టైప్ 1. 1982లో మోల్, ఆయనతోటివాళ్లు 19 మానవ కెరాటిన్లకి నంబర్లు ఇచ్చారు, తర్వాత జన్యువులు ఇంకా బయటపడటంతో 2006లో పేర్లన్నీ మళ్లీ సర్దారు. పాత పేపర్లలో సీకే8 అని ఉంటే అది ఇప్పటి కె8 యే, కంగారుపడక్కర్లేదు.

ఈ జత సంగతి ప్రాక్టికల్‌గా పనికొస్తుంది. మీ స్టెయిన్‌లో కె14 బాగా ఉండి కె5 అసలు లేదంటే ముందు యాంటీబాడీనే అనుమానించాలి. జత లేని కెరాటిన్‌ని కణం ఎక్కువసేపు ఉంచుకోదు, విరగ్గొట్టేస్తుంది.

ఇక గ్రంథి మ్యాప్. ఎసినస్ నుంచి బయటికొస్తుంటే మొదట ఇంటర్‌కాలేటెడ్ డక్ట్, సన్నగా, పొట్టి కణాలతో. తర్వాత ఎలుకల సబ్‌మాండిబ్యులార్‌లో మాత్రమే ప్రత్యేకంగా గ్రాన్యులర్ కన్వల్యూటెడ్ ట్యూబ్యూల్ వస్తుంది, పొడుగు కణాలు, లోపల బోలెడు గ్రాన్యూల్స్. మనిషి గ్రంథిలో ఇది ఉండదు, అందుకని మనిషి హిస్టాలజీ అట్లాస్ పెట్టుకుని ఎలుక స్లైడ్ చదవకండి. దాని తర్వాత స్ట్రయేటెడ్ డక్ట్, కణాల అడుగున పొర మడతలు పడి మధ్యలో మైటోకాండ్రియా నిలువుగా పేర్చి ఉంటాయి. చివర ఎక్స్‌క్రీటరీ డక్టులు, ఇక్కడే కింద బేసల్ కణాల వరస స్పష్టంగా కనిపిస్తుంది.

స్టెప్ 1: జంతువు, మగా ఆడా, వయసు

దేశంలో ఏ ల్యాబ్ అయినా ఇన్‌స్టిట్యూషనల్ యానిమల్ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు, 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కిందికే ఇదంతా వస్తుంది. అప్లికేషన్‌లో ఎన్ని మగవి ఎన్ని ఆడవి అని విడిగా రాయండి, ఎందుకో చెప్తాను.

మౌస్ సబ్‌మాండిబ్యులార్‌లో మగదానికీ ఆడదానికీ తేడా చాలా పెద్దది. యుక్తవయసు వచ్చాక మగదాంట్లో ఆండ్రోజెన్ వల్ల ఆ గ్రాన్యులర్ ట్యూబ్యూల్స్ విపరీతంగా పెరుగుతాయి, వాటి నిండా నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, రెనిన్, కాలిక్రెయిన్ లాంటివి. స్టాన్లీ కోహెన్ ఈ గ్రోత్ ఫ్యాక్టర్లని మగ మౌస్ గ్రంథిలోంచే శుద్ధి చేశారు, 1986లో రీటా లెవి మోంటాల్చినీతో కలిసి నోబెల్ అందుకున్నారు. కాబట్టి కంట్రోల్ గ్రూప్ మగవి, ట్రీట్‌మెంట్ గ్రూప్ ఆడవి అయ్యాయంటే మీరు చూపించే డక్ట్ తేడా మందుది కాదు, హార్మోన్‌ది. వయసు కూడా అంతే, యుక్తవయసుకి ముందు పిల్లల్లో ఈ ట్యూబ్యూల్స్ ఇంకా తయారై ఉండవు.

స్టెప్ 2: గ్రంథి తీయడం

ప్రోటోకాల్ ప్రకారం ప్రాణం తీశాక ఎలుకని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ ముందు భాగంలో మధ్యగా చర్మాన్ని కత్తిరించి రెండు పక్కలకీ లాగండి. ఎదురుగా కనిపించే పెద్ద జంట సబ్‌మాండిబ్యులార్. దాని ముందు, బయటి అంచుకి అతుక్కుని చిన్నగా, కాస్త పారదర్శకంగా ఉండేది సబ్‌లింగువల్, రెండూ ఒకే తొడుగులో ఉంటాయి. విడదీసి పెట్టండి, లేదా రెండింటినీ కలిపి తీసినట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎందుకంటే సబ్‌లింగువల్ మ్యూకస్ గ్రంథి, దాని డక్ట్ నిష్పత్తి వేరు. పరోటిడ్ చెవి కింద పలచగా పరుచుకుని కొవ్వులో కలిసిపోయినట్టుంటుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది లింఫ్ నోడ్స్ దగ్గర. సబ్‌మాండిబ్యులార్ ముందు అంచున గుండ్రంగా, నున్నగా ఉండేవి గ్రంథి కాదు. గ్రంథి పైన లోబ్యూల్ గీతలు కనిపిస్తాయి, నోడ్ మీద కనిపించవు. అదొక్కటి చూసుకుంటే చాలు.

తీసిన వెంటనే ఫిక్సేటివ్‌లోనో ఐస్ మీదకో వెళ్లిపోవాలి. మగ మౌస్ గ్రంథి అంటే ప్రోటియేజ్‌ల మూట, గ్రాన్యూల్స్ పగిలి అవి బయటికొస్తే కెరాటిన్‌ని తినేస్తాయి, తర్వాత మీరు ఎంత మంచి యాంటీబాడీ వేసినా మసక మసకగానే వస్తుంది. ఫోర్సెప్స్‌తో గ్రంథి మధ్యలో నొక్కి పట్టుకోవద్దు, చుట్టూ ఉన్న తొడుగునో డక్ట్ దగ్గరి కనెక్టివ్ టిష్యూనో పట్టుకోండి.

స్టెప్ 3: ఫిక్సేషన్, ఫ్రోజెన్‌కా పారఫిన్‌కా

మీ ప్రశ్నని బట్టి ఉంటుంది. ఏ కణం ఏదో లెక్కపెట్టాలంటే పారఫిన్, ఎందుకంటే నిర్మాణం శుభ్రంగా ఉంటుంది, స్ట్రయేటెడ్ డక్ట్ గీతలు కూడా కనిపిస్తాయి. ఫిలమెంట్ అల్లిక ఎలా ఉంది, ఎక్కడ ఒత్తుగా ఉంది అని చూడాలంటే ఫ్రోజెనే మంచిది, కెరాటిన్ యాంటీబాడీల్లో చాలావాటికి ఫార్మలిన్ క్రాస్‌లింక్ నచ్చదు.

పారఫిన్‌కి: 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, టిష్యూకి కనీసం 10 రెట్లు ద్రవం, 24 గంటలు, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి. వీకెండ్ వచ్చింది కదా అని ఫార్మలిన్‌లోనే వదిలేసి వెళ్లిపోతే సోమవారానికి రిట్రీవల్‌తో (స్టెప్ 4 చూడండి) కూడా సరిగ్గా లేవని స్లైడ్లు రావచ్చు. సెక్షన్ 4 నుంచి 5 మైక్రాన్లు, చార్జ్‌డ్ స్లైడ్ల మీదే, మామూలు స్లైడ్ మీద మ్యూకస్ ఉన్న సబ్‌లింగువల్ ముక్క రిట్రీవల్ వేడికి ఊడిపోతుంది.

ఫ్రోజెన్‌కి: ఫిక్స్ చేయని గ్రంథిని ఓసీటీలో (గడ్డకట్టించి కోయడానికి వాడే జిగురు ద్రవం) పెట్టి డ్రై ఐస్‌తో చల్లబరిచిన ఐసోపెంటేన్‌లో గడ్డకట్టించండి, నెమ్మదిగా ఫ్రీజర్‌లో పెడితే మంచు స్ఫటికాలు కణాలకి చిల్లులు పెడతాయి. 6 నుంచి 10 మైక్రాన్లు కోసి, మైనస్ 20 డిగ్రీల అసిటోన్‌లో గానీ మెథనాల్‌లో గానీ 10 నిమిషాలు. కెరాటిన్లకి ఈ చల్లటి మెథనాల్ చాలా బాగా పనిచేస్తుంది, నా ఓటు దానికే. ఒక్క జాగ్రత్త, యాక్టిన్ కోసం ఫాలోయిడిన్ (యాక్టిన్ ఫిలమెంట్‌కి అతుక్కునే పదార్థం) కూడా వేసే ప్లాన్ ఉంటే మెథనాల్ వద్దు, ఫాలోయిడిన్ పట్టుకునే ఆకారం పోతుంది.

స్టెప్ 4: యాంటిజెన్ రిట్రీవల్

పారఫిన్ వాళ్లకే ఇది. ఫార్మలిన్ వేసిన ముడులని వేడితో విప్పొచ్చని 1991లో తెలిసింది, అప్పట్నుంచి ఇమ్యునో పని మొత్తం మారిపోయింది. రెండు బఫర్లు ఉన్నాయి, 10 మిల్లీమోలార్ సిట్రేట్ పీహెచ్ 6.0, లేదా 10 మిల్లీమోలార్ ట్రిస్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ పీహెచ్ 9.0. 95 నుంచి 98 డిగ్రీల్లో 20 నిమిషాలు, తర్వాత అదే బఫర్‌లో గది ఉష్ణోగ్రతలో 20 నుంచి 30 నిమిషాలు చల్లారనివ్వండి. కొత్త యాంటీబాడీ వచ్చినప్పుడల్లా రెండు బఫర్లలోనూ ఒక్కో స్లైడ్ పెట్టి చూసుకోండి, డేటాషీట్‌లో రాసింది వాళ్ల టిష్యూకి, మీ గ్రంథికి కాదు.

స్టెప్ 5: యాంటీబాడీల ఎంపిక

అసలు కథ ఇక్కడే ఉంది, టైమ్ ఎక్కువ దీనికే ఇవ్వండి.

కె8 కి ట్రోమా 1, కె19 కి ట్రోమా 3 అనే యాంటీబాడీలు. రెండూ రాట్‌లో (పెద్ద ఎలుక జాతి) తయారైన మోనోక్లోనల్స్ (ఒకే రకం కణం నుంచి వచ్చిన యాంటీబాడీలు), అయోవా యూనివర్సిటీలోని హైబ్రిడోమా బ్యాంక్ నుంచి వస్తాయి, ధర కూడా అందుబాటులోనే. మౌస్ గ్రంథి మీద చాలా బాగుంటాయి. కానీ మీ జంతువు రాట్ అయితే ఇవి తలనొప్పి, ఎందుకంటే యాంటీ రాట్ సెకండరీ (మొదట వేసిన ప్రైమరీ యాంటీబాడీని పట్టుకుని రంగు చూపించేది) టిష్యూలో ఉన్న రాట్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ని కూడా పట్టేసుకుంటుంది. అలాగే ట్రోమా 1, ట్రోమా 3 రెండూ రాట్‌వే కాబట్టి మామూలు సెకండరీలతో ఒకే స్లైడ్ మీద రెండూ వేయలేరు, పక్కపక్క సీరియల్ సెక్షన్లు వాడండి.

మౌస్ టిష్యూ మీద మౌస్ యాంటీబాడీ వేస్తే వచ్చే గోల ఇదే, లాలాజల గ్రంథిలో ఇంకా ఎక్కువ. డక్టుల చుట్టూ ప్లాస్మా సెల్స్ ఉంటాయి, అవి ఇమ్యునోగ్లోబ్యులిన్ తయారుచేసేవే, యాంటీ మౌస్ సెకండరీ వేయగానే దీపాల్లా వెలిగిపోతాయి. అందుకని కె5, కె14, కె7 లకి కుందేలు యాంటీబాడీలు చూసుకోండి, కె5, కె14 లకి కోడివి కూడా దొరుకుతాయి.

ఆల్ఫా స్మూత్ మజిల్ యాక్టిన్‌కి 1ఏ4 క్లోన్ మౌస్‌దే, కానీ సై3 డై నేరుగా తగిలించినది దొరుకుతుంది, సెకండరీ అక్కర్లేదు కాబట్టి ఆ గోల చాలావరకు తప్పుతుంది. మొదట్లో చెప్పిన చిక్కు విడదీసేది ఇదే. కె5 ఉండి ఈ స్మూత్ మజిల్ యాక్టిన్ కూడా ఉంటే మయోఎపిథీలియల్, కె5 ఉండి అది లేకుండా డక్ట్ అడుగున కూర్చుని ఉంటే బేసల్ డక్ట్ సెల్. రక్తనాళాల గోడలు కూడా ఈ యాక్టిన్‌కి వెలుగుతాయి, వాటిలో కెరాటిన్ ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు, పైగా స్టెయిన్ పనిచేసిందనడానికి అవే లోపలి కంట్రోల్.

పాన్ కెరాటిన్ అని ఏఈ1, ఏఈ3 కాక్‌టెయిల్ చాలామంది దగ్గర ఉంటుంది. పేరు చూసి అన్నీ పట్టుకుంటుందనుకోవద్దు, కె18 దానికి దొరకదు. డక్ట్ కణం రకం తేల్చడానికి అది పనికిరాదు, ఇది ఎపిథీలియమా కాదా అనే వరకే.

నేను సూచించే సెట్ మౌస్‌కి: కుందేలు కె5, రాట్ కె8, సై3 తగిలించిన స్మూత్ మజిల్ యాక్టిన్ యాంటీబాడీ, డాపీ (కేంద్రకాలకి రంగు). రెండు సెకండరీలూ మౌస్ ప్రోటీన్లతో అడ్‌సార్బ్ చేసినవే కొనండి, యాంటీ రాట్‌కి ఇది తప్పనిసరి, లేకపోతే మౌస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ని కూడా పట్టుకుంటుంది.

స్టెప్ 6: బ్లాకింగ్

5 శాతం నార్మల్ గోట్ సీరమ్, 1 శాతం బీఎస్ఏ, 0.1 నుంచి 0.3 శాతం ట్రైటన్, పీబీఎస్‌లో, ఒక గంట. సెకండరీలు గొర్రె జాతివో గాడిదవో అయితే సీరమ్ కూడా దానికి తగ్గట్టు మార్చాలి.

ఫ్లోరెసెన్స్ కాకుండా డీఏబీ (పెరాక్సిడేజ్ ఎంజైమ్‌తో బ్రౌన్‌గా మారే రసాయనం) బ్రౌన్ కలర్ చేసేవాళ్లు ఇక్కడ ఆగి చదవండి. ఈ గ్రంథికి రెండు సొంత సమస్యలు ఉన్నాయి. ఒకటి, ఎసినార్ కణాల్లో సొంత పెరాక్సిడేజ్ ఉంటుంది, రాట్ సబ్‌మాండిబ్యులార్‌లో, పరోటిడ్‌లో బాగా. హైడ్రోజన్ పెరాక్సైడ్ 3 శాతం 10 నిమిషాలు వేసి దాన్ని అణచకపోతే యాంటీబాడీ లేకుండానే బ్రౌన్ వచ్చేస్తుంది. రెండోది ఇంకా మోసగాడు, ఎండోజినస్ బయోటిన్. మైటోకాండ్రియా ఎక్కువున్న కణాల్లో బయోటిన్ ఎక్కువ, స్ట్రయేటెడ్ డక్ట్ అంటేనే మైటోకాండ్రియా, పైగా వేడి రిట్రీవల్ దాన్ని ఇంకా బయటపెడుతుంది. అప్పుడు ఏబీసీ కిట్ (అవిడిన్ బయోటిన్ జతతో రంగు తెప్పించేది) వాడితే స్ట్రయేటెడ్ డక్టులన్నీ అందంగా బ్రౌన్‌గా, మీరు కోరుకున్న చోటే వస్తాయి, అదంతా బయోటిన్. డక్ట్ మార్కర్ వెతుకుతున్నవాళ్లకి డక్టే వెలిగితే ఎవరికీ అనుమానం రాదు, అదే ప్రమాదం. పాలిమర్ డిటెక్షన్ వాడండి, లేదంటే అవిడిన్ బయోటిన్ బ్లాక్ తప్పకుండా వేయండి.

స్టెప్ 7: స్టెయినింగ్

ప్రైమరీలు రాత్రంతా 4 డిగ్రీల్లో, తడి డబ్బాలో. పీబీఎస్ ట్వీన్‌తో మూడుసార్లు ఐదేసి నిమిషాలు. సెకండరీ ఒక గంట గది ఉష్ణోగ్రతలో, చీకట్లో. మళ్లీ కడగడం, సై3 యాక్టిన్ అన్నిటికన్నా ఆఖరున, డాపీ ఐదు నిమిషాలు, మౌంట్. డైల్యూషన్ మూడు రకాలుగా వేసి మొదటిసారి చూసుకోండి. మధ్యలో సెక్షన్ ఎండిపోతే ఆ స్లైడ్ అంచులన్నీ వెలుగుతాయి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

స్టెప్ 8: కంట్రోల్స్

ప్రైమరీ లేకుండా ఒక స్లైడ్, ప్రతి బ్యాచ్‌లో, తప్పకుండా. ఒక్కో ప్రైమరీ విడిగా వేసిన స్లైడ్ కూడా కావాలి, లేకపోతే మూడు రంగుల్లో ఒకటి ఇంకోదాని చానెల్‌లోకి కారుతోందో లేదో తెలీదు. పాజిటివ్‌కి అదే ఎలుక చర్మం చిన్న ముక్క పక్కన పెట్టండి. చర్మంలో కె5, కె14 ఎపిడెర్మిస్ బేసల్ పొరలో రావాలి. కె8, కె18 కి చిన్న పేగు తీసుకోండి. ఈ రెండు ముక్కలూ గ్రంథితోపాటే ఒకే బ్లాక్‌లో పెట్టేస్తే ప్రతి స్లైడ్ దాని కంట్రోల్‌ని అదే మోసుకొస్తుంది.

స్టెప్ 9: ఫొటో చదవడం

ముందు డాపీ చానెల్ ఒక్కటే పెట్టి ఆకారం చూసి ఏ డక్ట్ ఏదో గుర్తుపెట్టండి, ఆ తర్వాతే కెరాటిన్ చానెల్ తెరవండి. పక్క సెక్షన్ హెచ్ అండ్ ఈ (హిమటాక్సిలిన్, ఈయోసిన్ రంగులు) చేసి ఉంటే ఇంకా తేలిక, గ్రాన్యులర్ ట్యూబ్యూల్ గులాబీ చుక్కలతో ఇట్టే తెలిసిపోతుంది.

కె8 డక్టులో లోపలివైపు కణాలన్నిటిలో రావాలి, కణం అంచుల వెంబడి, లూమెన్ (డక్ట్ మధ్య ఖాళీ) కింద ఒత్తుగా. ఎసినస్‌లో కూడా కె8 సన్నగా ఉంటుంది, కాబట్టి కె8 వచ్చిందంటే డక్టే అని కాదు. కె7, కె19 డక్ట్ వైపు ఎక్కువ మొగ్గుతాయి. ఎసినస్‌ని ఖాయం చేసుకోవాలంటే ఆక్వాపోరిన్ 5 (నీటిని దాటించే ప్రోటీన్) యాంటీబాడీ వేరే సెక్షన్ మీద వేయండి. ఎక్స్‌క్రీటరీ డక్టులో పైన కె8, కింద కె5 రెండు వరసలు విడిగా కనిపిస్తే మీ స్టెయిన్ కుదిరిందన్నట్టే, ఆ ఒక్క డక్టుని అన్ని స్లైడ్లలోనూ కొలబద్దగా పెట్టుకోండి.

రెండు రంగులు కలిసినట్టు కనిపించే కణం దొరికితే సంతోషపడేముందు జెడ్ స్టాక్ (లోతువారీగా వరస ఫొటోలు) తీయండి. 10 మైక్రాన్ల సెక్షన్‌లో బేసల్ కణం మీద లూమినల్ కణం వాలి ఉంటే పైనుంచి రెండూ ఒకటే అనిపిస్తాయి, అది కో ఎక్స్‌ప్రెషన్ కాదు.

లెక్కపెట్టేవాళ్లకి ఏ స్లైడ్ ఏ గ్రూపో తెలియకూడదు. ఇంకోటి, గ్రాఫ్‌లో ఎన్ అంటే ఎలుకల సంఖ్య, ఫీల్డుల సంఖ్య కాదు. మూడు ఎలుకల నుంచి ముప్ఫై ఫీల్డులు తీసి ఎన్ ముప్ఫై అని రాస్తే ఏ రివ్యూయర్ అయినా వెనక్కి పంపుతారు, పంపాలి కూడా.

స్టెప్ 10: వెస్టర్న్ బ్లాట్‌తో ఖాయం చేసుకోవడం

ఇక్కడ ఒకే ఒక్క విషయం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కెరాటిన్ ఫిలమెంట్లు రిపాలో (ప్రోటీన్ తీయడానికి మామూలుగా వాడే బఫర్) సరిగ్గా కరగవు. మామూలుగా అందరూ చేసినట్టు గ్రంథి నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవం తీసుకుని అడుగున మడ్డి పారేస్తే కెరాటిన్లో ఎక్కువ భాగం ఆ మడ్డితోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. మడ్డినే దాచుకోవాలి. దాన్ని 1.5 మోలార్ పొటాషియం క్లోరైడ్, 0.5 శాతం ట్రైటన్, 5 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న బఫర్‌లో ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్లతో, ఐస్ మీద కలిపి, మళ్లీ తిప్పి, పీబీఎస్‌తో కడిగి, మిగిలిన పెల్లెట్‌ని ఎస్‌డీఎస్ శాంపిల్ బఫర్‌లో వేడిచేసి కరిగించండి. ఇన్‌హిబిటర్లు అప్పటికప్పుడు కలిపినవే కావాలి, మగ మౌస్ అయితే మరీను.

బ్యాండ్లు కె5 కి దాదాపు 58 కిలోడాల్టన్లు, కె8 కి 54 ప్రాంతం, కె14 కి 50, కె18 కి 45, కె19 కి 40. కింద చిన్న చిన్న బ్యాండ్లు మెట్లలాగా వస్తే అది ప్రోటియేజ్ పని, యాంటీబాడీ మార్చే ముందు మళ్లీ వేగంగా, చల్లగా గ్రంథి తీసి చూడండి. అదే శాంపిల్‌ని మాస్ స్పెక్‌కి (బరువుని బట్టి ప్రోటీన్లని గుర్తించే పరీక్ష) పంపుతుంటే గ్లోవ్స్, లామినార్ హుడ్ తప్పనిసరి. రిపోర్టులో కె1, కె2, కె9, కె10 పైపైన కనిపిస్తే అవి చాలావరకు మీ చేతుల చర్మానివి, గ్రంథివి కావు, వాటిని పక్కనపెట్టి కె8, కె18, కె7, కె19 వరసల నుంచి చదవడం మొదలుపెట్టండి.